ఫోన్ పలచబడింది సరే, సిమ్ ఎటు పోయింది?

ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి. ఆరు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ మందంతో, గొప్ప కెమెరా, గొప్ప సంగీతం అంటూ అమ్ముతున్న పలచటి ఫోన్ అది. కొన్నవారి ఫిర్యాదులూ కొనబోయేవారి సందేహాలూ దగ్గర పెట్టుకుని చూస్తే అసలు ప్రశ్నలు నాలుగే తేలాయి కాబట్టి, ఒక్కొక్కరికీ విడిగా రాయకుండా ఈ వారం ఇక్కడే సమాధానాలు ఇస్తున్నాను. మన విశాఖ ఆర్.కె. బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లి వచ్చినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఇరుకు చోట ప్రతి వస్తువునూ అమర్చడం సాధ్యమే గానీ, అందులో నడిచే మనిషి మాత్రం తల వంచుకునే తిరగాలి.

"పాటల కోసమే ఈ ఫోన్ కొన్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. డాబాగార్డెన్స్‌లో 120 రూపాయలకు టైప్-సి కనెక్టర్ ఒకటి కొని తగిలిస్తే చడీచప్పుడూ లేదు. కనెక్టర్ అమ్మినవారు తప్పు ఫోన్‌దంటున్నారు, ఫోన్ అమ్మినవారు తప్పు కనెక్టర్‌దంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?" అని గాజువాక నుంచి ఒక పాఠకుడు అడిగారు.

ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. చూడటానికి ఒకేలా ఉండే ఈ కనెక్టర్లలో రెండు జాతులున్నాయి. మొదటిది ఉత్త తీగ. అంకెల రూపంలో ఉన్న పాటను ఫోన్ తన లోపలే ధ్వని సంకేతంగా మార్చి టైప్-సి, అంటే ఛార్జింగ్ పెట్టే రంధ్రం ద్వారా బయటకు పంపితే, దాన్ని ఇయర్‌ఫోన్‌కు చేరవేయడం తప్ప దానికి మరో పని తెలియదు. రెండో జాతి కనెక్టర్‌లో ఆ మార్పిడి చేసే డీఏసీ అనే చిన్న చిప్ ఉంటుంది. మీ ఫోన్ ధ్వని సంకేతాన్ని బయటకు పంపే రకం కాదు, మీరు కొన్నది ఉత్త తీగ; అందుకే నిశ్శబ్దం. డీఏసీ ఉన్నదే కావాలని అడగండి, దుకాణంలోనే మీ ఫోన్‌కు తగిలించి ఒక చరణమైనా విన్న తరువాతే డబ్బు ఇవ్వండి. రంధ్రం ఒకటే, తగిలించే తల ఒకటే, లోపలి ప్రవర్తన మాత్రం ఫోన్‌కో తీరు అన్న ఈ ఏర్పాటును ఆమోదించినవారు ఒక్క రోజైనా దుకాణం గల్లాపెట్టె వెనుక కూర్చుని ఉండరు.

ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాన్ని, అంటే జాక్‌ను తీసేయడానికి పలచదనమే కారణమని కంపెనీలు చెబుతుంటాయి గానీ, ఆ మాటను నేను పూర్తిగా నమ్మను. జాక్ పిన్ను వ్యాసం 3.5 మిల్లీమీటర్లు. 2014లోనే 4.75 మిల్లీమీటర్ల మందంతో వచ్చిన ఒక ఫోన్‌లో జాక్ నిక్షేపంలా ఉంది. అయితే దాని బ్యాటరీ సామర్థ్యం నేటి సాధారణ ఫోన్లలో సగం కూడా లేదన్నది కూడా ఒప్పుకోవాలి. అంటే జాక్ పోయింది చోటు చాలక కాదు. అది ఆక్రమించే ఆ కాస్త చోటును వేరేదానికి ఇవ్వాలనుకున్నారు, పనిలో పనిగా వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కూడా అమ్ముకోవచ్చునని లెక్క వేసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు తీగలు కలపడానికి వాడిన జాక్ నుంచే ఈ చిన్న జాక్ పుట్టింది. చివరికి దాన్ని గెంటేసింది కూడా టెలిఫోనే.

జాక్‌తో పాటు పోయినది మరొకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. ఫోన్‌లోని ఎఫ్.ఎం. రేడియోకు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. జాక్ లేని ఫోన్లు చాలావాటిలో రేడియో కూడా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక కరెంటు లేక, సెల్ టవర్లు పడిపోయి ఊరు ఊరంతా మూగబోయిన రోజులు మనకు గుర్తే. అటువంటప్పుడు ఇంటర్నెట్‌తో పని లేకుండా వార్త చెప్పగలిగేది రేడియో ఒక్కటే. ఈ కారణంతోనే ఎఫ్.ఎం. సౌకర్యాన్ని ఫోన్ల నుంచి తీసేయవద్దని కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2023లో తయారీదారులకు సూచించింది. సూచన సూచనగానే ఉంది. సంగీతం కోసం పలచటి ఫోన్ కొనేవారు ఇంకొక్కటి గమనించాలి. స్పీకర్ గంభీరంగా పలకాలంటే దాని వెనుక కొంత గాలి ఆడే చోటు కావాలి, పలచటి డబ్బాలో ఆ చోటే లేదు. మృదంగం రేకు డబ్బాలా వినిపిస్తే అది మీ చెవుల దోషం కాదు.

"కైలాసగిరి మీద నుంచి సముద్రంలో లంగరు వేసిన ఓడను జూమ్ చేసి ఫొటో తీశాను. ఓడ మీద పేరు అక్షరాల్లాగే కనిపిస్తోంది గానీ ఏ భాషో తెలియడం లేదు. కెమెరా పాడైందా?" అన్నది రెండో ప్రశ్న.

మీ కెమెరా బాగానే ఉంది, మీకు అమ్మినప్పుడు చెప్పిన మాటే బాగాలేదు. కాంతిని గ్రహించే సెన్సార్ పెద్దదయ్యేకొద్దీ దానికీ కటకాలకూ మధ్య దూరం పెరగాలి. ఇది కాంతి ధర్మం, ఏ కంపెనీ చెప్పినా వినదు. దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫొటో కటకానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. అందువల్ల పలచటి ఫోన్లలో చాలావాటికి ఆ కటకం పెట్టనే పెట్టరు. అప్పుడు జూమ్ అంటే మధ్యలోని ముక్కను కత్తిరించి సాగదీయడమే. సాగదీసినప్పుడు ఏర్పడిన ఖాళీలను సాఫ్ట్‌వేర్ తన ఊహతో నింపుతుంది. ఆకుల్నీ అలల్నీ ఊహించినా మనం పట్టుకోలేం, అక్షరాలను ఊహిస్తే దొరికిపోతుంది. మీరు చూసిన పేరు ఓడది కాదు, అక్కడ అక్షరాల వంటివేవో ఉన్నాయని ఫోన్ వేసిన బొమ్మ. ప్రమాదంలో బండి నంబరు ప్లేటునో, దూరంగా ఉన్న నోటీసునో ఇలా ఫొటో తీసి రుజువుగా చూపాలనుకునేవారు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

మందం విషయంలోనూ ఒక మాయ ఉంది. ప్రకటనల్లో చెప్పే అంకె ఫోన్‌లో అతి పలచటి చోట కొలిచినది. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా పక్కింటాయన దగ్గర వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి, సమీక్ష కోసం నా దగ్గరున్న ఒక ఫోన్‌ను కొలిచాను. అంచు దగ్గర 5.9 మిల్లీమీటర్లు, కెమెరా మూపురం దగ్గర 11.3. బల్ల మీద పెట్టి టైపు చేస్తుంటే ఒక కాలు పొట్టిదైన పీటలా ఊగింది.

"కొత్త పలచటి ఫోన్‌కు సిమ్ పెట్టే ట్రే లేదు, ఈ-సిమ్‌కు మారాలన్నారు. ఆ ప్రయత్నంలో ఉండగానే కస్టమర్ కేర్ నుంచి అంటూ ఒకరు ఫోన్ చేసి, 32 అంకెల నంబరు పంపి, దాన్ని వారు చెప్పిన నంబరుకు ఎస్సెమ్మెస్ చేయమన్నారు. చేయవచ్చా?" అని సీతమ్మధార నుంచి ఒక ఉపాధ్యాయురాలు అడిగారు.

చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి, ఇంట్లో వేరే వారి ఫోన్ నుంచి ముందు మీ టెలికాం కంపెనీకి, తరువాత బ్యాంకుకు, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మిగిలింది తరువాత చదవవచ్చు.

ఇక అసలు విషయం. నానో సిమ్ కార్డు పొడవు 12.3, వెడల్పు 8.8, మందం 0.67 మిల్లీమీటర్లు. కార్డు చిన్నదే గానీ దాన్ని పట్టుకునే ట్రే, లోపలి కాంటాక్టులు కలిసి తినే చోటు తక్కువ కాదు. అందుకని కొన్ని పలచటి ఫోన్లలో వాటిని తీసేసి, సర్క్యూట్ బోర్డుకే అతికించిన ఈ-సిమ్ చిప్‌తో సరిపెట్టారు. దీనివల్ల మేలు లేదనను. ఫోన్ ఎత్తుకుపోయిన దొంగ కార్డు పీకి మరో ఫోన్‌లో వేసుకుని మీ ఓటీపీలు చదవలేడు. కానీ కార్డున్నప్పుడు మీ నంబరు దొంగిలించాలంటే మీ ఫోన్ దగ్గరకైనా రావాలి, నకిలీ పత్రాలతో కౌంటరు దగ్గరకైనా వెళ్లాలి; ఈ-సిమ్ వచ్చాక ఎక్కడో కూర్చుని, మీ చేతనే పని చేయించి, నంబరును తన ఫోన్‌లోకి దింపుకోవచ్చు.

ఆ 32 అంకెలు ఏమిటో చూద్దాం. ప్రతి ఈ-సిమ్ చిప్‌కూ ఈఐడీ అనే 32 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మీ ఫోన్‌లో *#06# నొక్కితే ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐతో పాటు అదీ కనిపిస్తుంది. ఫోన్ చేసిన వ్యక్తి పంపిన అంకెలను దానితో పోల్చి చూడండి, కలవవు. ఎందుకంటే అది మీ ఫోన్ ఈఐడీ కాదు, అతని ఫోన్‌ది. "నా నంబరును ఈ ఫోన్‌కు మార్చండి" అని మీ సిమ్ నుంచి, మీ చేతులతో, మీ కంపెనీకే అర్జీ పెట్టిస్తున్నాడన్నమాట. కంపెనీ నుంచి నిర్ధారణ కోరుతూ సందేశం వస్తుంది, దానికి కూడా "అవును" అని బదులివ్వమని అతనే లైన్లో ఉండి చెబుతాడు. కాసేపటికి మీ సిగ్నల్ పోతుంది.

నాకు అన్నింటికంటే భయం కలిగించేది ఈ క్షణమే. కొండ చాటుకు వెళ్తే సిగ్నల్ పోవడం విశాఖలో మామూలు. అందుకని మనం ఫోన్‌ను ఒకసారి ఆపి వేసి, కిటికీ దగ్గర నిలబడి, రేపటికి వస్తుందిలే అనుకుంటాం. ఆ వ్యవధిలో అతను మీ నంబరు ఉన్న ఫోన్‌లో యూపీఐ యాప్ తెరుస్తాడు. యాప్ ఆ నంబరు నుంచి వెళ్లిన ఎస్సెమ్మెస్‌ను చూసి అతన్నే మీరనుకుంటుంది. యూపీఐ పిన్ కొత్తగా పెట్టడానికి డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ కావాలి. "వెరిఫికేషన్ కోసం" అంటూ అదే కాల్‌లో వాటిని ముందే అడిగి ఉంటాడు. కాబట్టి ఇంట్లో అందరికీ సిగ్నల్ ఉండి మీకొక్కరికే లేకపోతే, పక్కవారి ఫోన్ నుంచి మీ నంబరుకు రింగ్ ఇవ్వండి. మీ చేతిలోని ఫోన్ మోగకుండా అవతల రింగు వినిపిస్తే, మీ నంబరు వేరే ఎవరి చేతిలోనో మోగుతున్నట్టే. స్విచాఫ్ అని వచ్చినా నిశ్చింతగా ఉండకుండా కంపెనీని అడగండి. ట్రే ఉన్న ఫోన్ అయితే కార్డు తీసి వేరే ఫోన్‌లో వేసి చూసుకునే వీలుండేది. మీ పలచటి ఫోన్‌లో తీసి చూడటానికి ఏమీ లేదు.

ఈ-సిమ్‌కు మారవలసి వస్తే మీరే కంపెనీ సొంత యాప్‌లో గానీ, కంపెనీ దుకాణంలో గానీ మొదలుపెట్టండి. మీరు మొదలుపెట్టని మార్పు గురించి ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి, మీరు మొదలుపెట్టిన మార్పు గురించి చేసినా పెట్టేయండి. మీ విషయంలో జరిగినట్టు సరిగ్గా ఆ సమయానికే ఫోన్ రావడం వల్ల అది నిజమనిపిస్తుంది. రోజంతా వేలమందికి ఫోన్ చేసేవాడికి అటువంటి వారు ఒకరిద్దరు తగలడం వింతేమీ కాదు.

దీనిలో కంపెనీల అజాగ్రత్త కూడా ఉంది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ-సిమ్ దింపుకోవడానికి క్యూఆర్ కోడ్ ఈమెయిల్‌లో వస్తుంది. ఈమెయిల్ ఉన్నది ఫోన్‌లో, కోడ్‌ను స్కాన్ చేయాల్సిందీ అదే ఫోన్‌తో. తన తెరను తానే ఎలా ఫొటో తీసుకుంటుంది? మొన్న ఒక దుకాణంలో చూశాను. ఒక పెద్దాయన కోడ్‌ను కౌంటరు కుర్రవాడి వాట్సాప్‌కు పంపారు, అతను తన తెర మీద చూపించాడు, ఆయన స్కాన్ చేసుకున్నారు. పని అయింది గానీ, కుర్రవాడి ఫోన్‌లో అలాంటి కోడ్‌లు అంతకుముందే ఒక వరుస ఉన్నాయి. అతను మంచివాడే కావచ్చు. కోడ్ సాధారణంగా ఒకసారికే పనిచేస్తుంది, నిజమే. అయినా స్కాన్ చేయకముందు అది ఎవరి దగ్గరుంటే నంబరు వారిది. ఇప్పటి చాలా ఫోన్లలో కోడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి, గ్యాలరీ నుంచే చదివించే వీలుంది. సెట్టింగ్స్‌లో ఈ-సిమ్ చేర్చే చోట వెతకండి, ఆ పని అయ్యాక స్క్రీన్‌షాట్ చెరిపేయండి. ఆ వీలు లేకపోతే ఇంట్లోని లాప్‌టాప్‌లో ఈమెయిల్ తెరవండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా ఈ రోజే పెట్టుకోండి, అప్పుడు నంబరు పోయినా ఖాతా వెంటనే పోదు.

చివరిగా లాసన్స్ బే నుంచి ఒకరి ప్రశ్న: "ఫోన్ వంగుతుందేమోనని పౌచ్ వేశాను. అయినా ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా తేమ ఉందని హెచ్చరిక వస్తోంది."

పౌచ్ వేసి మంచి పని చేశారు, ప్యాంటు వెనుక జేబులో మాత్రం పెట్టకండి. పౌచ్‌తో కొలిస్తే నా దగ్గరున్న ఫోన్ 8.1 మిల్లీమీటర్లు వచ్చింది. జాకూ ట్రే రెండూ ఉన్న నా పాత ఫోన్ ఏ పౌచ్ లేకుండా 8.2. హెచ్చరిక సంగతికి వస్తే, మీ ఇంటి కిటికీ ఊచలకు తుప్పు పట్టించే ఉప్పు గాలే టైప్-సి రంధ్రంలోకీ చేరుతుంది. నీటిని తట్టుకుంటుందని ఇచ్చే ఐపీ రేటింగ్ మంచినీటి పరీక్షది, సముద్రానికి వర్తించదు. హెచ్చరిక వచ్చినప్పుడు బలవంతంగా ఛార్జ్ చేస్తే కాంటాక్టులకు చిలుము పడుతుంది. ఫోన్ ఆపి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తట్టి, కొన్ని గంటలు ఫ్యాన్ గాలికి ఉంచండి. పిన్నీసు, దూది, హెయిర్ డ్రయ్యర్ దగ్గరకు రానివ్వకండి. లోపల ఆకుపచ్చగా కనిపిస్తే మాత్రం సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్లండి, వెళ్లే ముందు ఫొటోలు వేరేచోట దాచుకోండి.