టీబీ మందులు వాడుతుంటే షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్న వయసు 54. దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించాం. ఊపిరితిత్తుల టీబీ అని తేలి, పది రోజుల క్రితం మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు షుగర్, హెచ్‌ఐవీ, లివర్ పరీక్షలు రాశారు. హెచ్‌ఐవీ మాట వినగానే నాన్న చిన్నబుచ్చుకున్నారు. ఎప్పుడూ షుగర్ లేని మనిషికి పరగడుపున 148 వచ్చింది. ఇవన్నీ అవసరమా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: అవసరమేనమ్మా. హెచ్‌ఐవీ పరీక్ష మీ నాన్నగారిని అనుమానించి రాసింది కాదు. టీబీ అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు చేయాలన్నది జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం నియమం. ఆయనకు ఈ మాటే చెప్పండి. ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో (ఐసీటీసీ) ఉచితంగా చేస్తారు, ఫలితం బయటకు పొక్కనివ్వరు. ఒకవేళ పాజిటివ్ అని వస్తే సాధారణంగా టీబీ మందులు మొదలైన రెండు వారాల్లోపే హెచ్‌ఐవీని అదుపు చేసే మందులు (ఏఆర్‌టీ) ఇస్తారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇక 148 సంగతి. పరగడుపున 126, ఆపైన ఉంటే షుగర్ కిందే లెక్క. కానీ ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉధృతంగా ఉన్నప్పుడు తాత్కాలికంగానూ పెరుగుతుంది. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా మరో రోజు మళ్లీ చేయించండి, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి. అది 6.5 శాతం, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టే. అయితే రక్తహీనత ఉంటే ఆ అంకెను నమ్మలేం. టీబీ రోగుల్లో రక్తహీనత మామూలే కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడాలి. ఫలితం ఎలా వచ్చినా, మొదటి రెండు నెలల కోర్సు అయ్యాక షుగర్ మరోసారి చూడాల్సిందే.

షుగర్ అదుపులో లేకపోతే తెమడలో క్రిములు త్వరగా పోవు, టీబీ తిరగబెట్టే ప్రమాదమూ ఎక్కువ. మందుల దగ్గర ఇంకో చిక్కుంది. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు లివర్‌లో తొందరగా కరిగిపోయి సరిగా పనిచేయవు. మెట్‌ఫార్మిన్‌తో ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే ఇన్సులినే మేలు. చాలామంది మరిచిపోయేది చివర్లో వస్తుంది. ఆరు నెలల కోర్సు పూర్తయి రిఫాంపిసిన్ ఆగితే, అప్పటిదాకా పెంచిన షుగర్ మాత్ర డోసు రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే లో షుగర్ అని అర్థం. కోర్సు ముగిసే వారంలోనే డోసు గురించి డాక్టర్‌ను అడగండి.

ఐసోనియాజిడ్ అనే మరో టీబీ మందు వల్ల పాదాలు తిమ్మిరెక్కవచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. దీనికి పిరిడాక్సిన్, అంటే బి6 మాత్ర ఇస్తారు. రాయకపోతే అడగండి.

ఇక లివర్ పరీక్ష. టీబీ మందులు లివర్‌ను దెబ్బతీయవచ్చు. మద్యం అలవాటున్నా, హెపటైటిస్ బి, సి ఉన్నా ఆ అవకాశం పెరుగుతుంది. అలవాటుంటే దాచకుండా చెప్పమనండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ పూట మాత్రలు వేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం నారింజ రంగులో రావడం మాత్రం రిఫాంపిసిన్ వల్లే, భయం లేదు. చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడాగా కనిపించినా అది ఇథాంబుటాల్ అనే టీబీ మందు ప్రభావం కావచ్చు, ఆలస్యం చేయొద్దు.

నీరసంగా ఉన్నారని గ్లూకోజు నీళ్లు, పండ్ల రసాలు పట్టకండి. అలాగని షుగర్ భయంతో కడుపు మాడ్చకండి, టీబీలో బరువు పెరగాలి. గుడ్లు, పప్పు, పల్లీలు, పెరుగు పెట్టండి. ఆయన ఇప్పటికే బీపీ, ఫిట్స్, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటి మీద కూడా రిఫాంపిసిన్ ప్రభావం ఉంటుంది. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందు షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.