ఎక్స్‌జేసీ ఇచ్చిన క్లాసుల్ని చేత్తో దిద్దకండి

కస్టమర్ డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసుని ఎలా పిలవాలో చెప్పే ఫైలు), ఎక్స్‌ఎస్‌డీ (ఎక్స్‌ఎంఎల్‌లో ఏ ఫీల్డులుండాలో చెప్పే స్కీమా) ఇచ్చారు, జావా క్లాసులు నేనే రాసుకోవాలా, లేక ఎక్స్‌జేసీతో (స్కీమా నుంచి జావా క్లాసులు తయారుచేసే టూలు) తయారుచేసి తర్వాత కావలసినట్టు దిద్దుకోవచ్చా అని కదా అడిగారు. రాయక్కర్లేదండి. దిద్దడం మాత్రం వద్దు, నేను దిద్ది చేతులు కాల్చుకున్నాను.

మాది భీమవరం. ఇక్కడ ఒక రొయ్యల ప్లాంటు వాళ్లకి, సరుకు కొనేవాళ్ల సోప్ సర్వీసుకి (ఎక్స్‌ఎంఎల్ సందేశాలు తీసుకునే వెబ్ సర్వీసు) ప్రతి లాటు వివరాలు పంపే ప్రోగ్రాం రాశాను. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), బరువు, పట్టుబడి తేదీ, అంతే. బరువుకి బిగ్‌డెసిమల్ వచ్చింది, బాగానే ఉంది. తేదీకి మాత్రం ఎక్స్‌ఎంఎల్‌గ్రెగోరియన్‌క్యాలెండర్ అని ఇంత పొడుగు టైపు ఇచ్చింది, నేనేమో మామూలు డేట్‌ని యూటీసీలో పెట్టి దాంట్లోకి మార్చాను. మన అర్ధరాత్రి పన్నెండంటే యూటీసీలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. దాంతో 12న తెల్లవారుజామున పట్టిన చెరువు 11న పట్టినట్టు వెళ్లింది. ప్లాంటు నుంచి ఫోను: "ఐసు బిల్లు కూడా పన్నెండుదేనండి, మీ దాంట్లో పదకొండేంటి?"

ఆ కంగారులో, ఎక్స్‌జేసీ తయారుచేసిన క్లాసునే తెరిచి, టైపు లోకల్‌డేట్ (టైమూ జోనూ లేని ఉత్త తేదీ) చేసేసి, తేదీని అటూ ఇటూ మార్చే ఒక అడాప్టర్ తగిలించాను. రెండు నెలలకి అవతలివాళ్లు స్కీమాలో ఇంకో ఫీల్డు కలిపారు, ఎక్స్‌జేసీ మళ్లీ నడిపాను, నా దిద్దుబాటంతా తుడిచిపెట్టుకుపోయింది. అదృష్టం కొద్దీ కంపైల్ కాకుండా ఆగిపోయింది కాబట్టి తెలిసింది.

ఇలాంటివన్నీ ఎక్స్‌జేబీ బైండింగ్ ఫైల్లో (ఏ టైపుకి ఏ జావా టైపు వాడాలో ఎక్స్‌జేసీకి చెప్పే ఫైలు) పెట్టాలి. స్కీమాలో డేట్ టైపు కనిపిస్తే లోకల్‌డేట్ వాడు, చదవడానికీ రాయడానికీ ఈ రెండు మెథడ్లు పిలువు అని అందులో రాసి, ఎక్స్‌జేసీకి మైనస్ బీ (-b) ఆప్షన్‌తో ఇస్తే ఎన్నిసార్లు తయారుచేసినా అలాగే వస్తుంది. క్లాసులు మావెన్ బిల్డ్‌లోనే తయారవనివ్వండి, గిట్‌లో పెట్టకండి, కనబడితే ఎవరో ఒకరు దిద్దుతారు.

స్ట్రింగ్ ఉండాల్సిన చోట జాక్స్‌బీఎలిమెంట్ (విలువని చుట్టి ఇచ్చే టైపు) వస్తే భయపడకండి, ఆ ఫీల్డు లేకపోయినా ఫర్వాలేదు, నిల్ (ఫీల్డు ఉండి విలువ లేకపోవడం) అయినా ఫర్వాలేదు అని స్కీమాలో ఉన్నట్టు. బైండింగ్ ఫైల్లో జనరేట్‌ఎలిమెంట్‌ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే మామూలు స్ట్రింగ్ వస్తుంది గానీ, లేకపోవడానికీ నిల్‌కీ తేడా పోతుంది, అవతలివాళ్లకి ఆ తేడా కావాలేమో ముందు అడగండి.

జావా 11 నుంచి జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌నీ జావా క్లాసుల్నీ కలిపే లైబ్రరీ, ఎక్స్‌జేసీ దాని టూలే) జేడీకేలో లేదు, విడిగా కలుపుకోవాలి. జాక్స్‌బీ 3.0 నుంచి ప్యాకేజీ పేరు జావాఎక్స్ పోయి జకార్తా అయింది, బైండింగ్ ఫైల్లో నేమ్‌స్పేస్ కూడా మారింది, పాత ఉదాహరణలు కాపీ చేసేటప్పుడు అక్కడే చిక్కుకుంటారు.

ఎక్స్‌ఎస్‌డీలని ప్రాజెక్టులోకే దించుకోండి. నేను మొదట్లో వాళ్ల యూఆర్‌ఎల్ ఇచ్చాను, మాకు వానాకాలంలో నెట్ పోయినప్పుడల్లా బిల్డ్ కూడా పోయేది.