ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగిపోతే వెంటనే -వై కొట్టకండి

కరెంటు పోయి వచ్చాక ఉబుంటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ (బూట్ మధ్యలో వచ్చే కమాండ్ లైన్) దగ్గరే ఆగిపోతోంది, /డెవ్/ఎస్‌డీఏ2 మీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ను చూసి సరిచేసే కమాండ్) నడపమంటోంది, ప్రతి ప్రశ్నకూ సరే అనే -వై పెట్టేయొచ్చా అని ఒకరు అడిగారు. పెట్టొచ్చు, కానీ డిస్క్ బాగుందని తేలాకే. చదవడం కుదరని బ్లాకు ఎదురైతే ఎఫ్‌ఎస్‌సీకే "బలవంతంగా తిరిగి రాయనా?" అని అడుగుతుంది. -వై ఉంటే దానికీ సరే అన్నట్టే. చచ్చిపోతున్న డిస్క్‌లో మిగిలిన డేటా అలాగే పోతుంది.

అందుకే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకోండి. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే ఈ కమాండ్ కొట్టండి: సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ (చిన్న ఏ, చివర పార్టిషన్ నంబరు వద్దు). హార్డ్ డిస్క్ అయితే 5 (పాడై మార్చేసిన సెక్టార్లు), 197 వరసలు చూడండి. 197లో, అంటే పెండింగ్ (చదవడం కుదరని) సెక్టార్ల దగ్గర, సున్నా కాకుండా ఏదున్నా రిపేర్ ఆపేయండి. డీడీరెస్క్యూతో మొత్తం వేరే డిస్క్‌కి కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయండి.

డిస్క్ బాగుంటే ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టండి; పార్టిషన్‌లో ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో, అది మౌంట్ అయి (వాడుకలో) ఉందో లేదో చూపిస్తుంది. ఆ పార్టిషన్ మౌంట్ అయి ఉంటే యూమౌంట్‌తో దించాలి (ఆ కమాండ్ స్పెల్లింగులో యూ తర్వాత ఎన్ ఉండదు, చాలామంది అక్కడే తడబడతారు). మౌంటైన దాని మీద రిపేర్ నడిపితే బాగున్నదీ పాడవుతుంది.

ఈఎక్స్‌టీ4 (ఉబుంటు మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) అయితే దాని ఎఫ్‌ఎస్‌సీకే అయిన ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్ ఏమీ రాయకుండా చూసి చెబుతుంది. ఆ తప్పుల జాబితా చూసి కంగారు పడకండి: -ఎన్‌తో జర్నల్ రీప్లే (సగంలో ఆగిన మార్పుల చిట్టాను మళ్లీ అమలు చేయడం) జరగదు కాబట్టి ఉన్నవాటికంటే ఎక్కువ కనిపించవచ్చు. తర్వాత -పీ. అది జర్నల్ రీప్లే చేసి, ప్రమాదం లేనివాటినే సరిచేస్తుంది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె) 1 వస్తే తప్పులు సరయ్యాయి, 4 వస్తే ఇంకా మిగిలాయి. అప్పుడే -ఎఫ్ -వై. దానికి చిన్న జడ్, వేరే డిస్క్‌లో ఒక ఫైలు పేరు జోడిస్తే ఈ2అన్‌డూతో వెనక్కి రావచ్చు.

సూపర్‌బ్లాకే (ఫైల్‌సిస్టమ్ మూల వివరాలుండే బ్లాకు) పోయిందంటే -బీ 32768 ఇవ్వండి; 4 కేబీ బ్లాకులకు మొదటి బ్యాకప్ సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఇంకో రకం ఫైల్‌సిస్టమ్) అయితే దారి వేరు. అక్కడ ఎఫ్‌ఎస్‌సీకే ఏ రిపేరూ చేయదు. ఒకసారి మౌంట్ చేసి దించితే లాగ్ (అక్కడి జర్నల్) రీప్లే అవుతుంది, ఆపై ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్. పెద్ద -ఎల్ లాగ్‌నే చెరిపేస్తుంది. మౌంట్ ససేమిరా కాకపోతేనే దాని జోలికి వెళ్లండి.

రిపేర్ అయ్యాక లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్ చూడండి. పేరు పోయిన ఫైళ్లు ఐనోడ్ నంబరుతో (ఫైలుకు ఉండే లోపలి గుర్తింపు సంఖ్య; ఈఎక్స్‌టీ4లో దాని ముందు # గుర్తు) అక్కడ ఉంటాయి. ఏది ఏ రకమో ఫైల్ కమాండ్ చెబుతుంది.