విండోస్, ఉబుంటు, మ్యాక్: మూడింట్లోనూ నెట్ వస్తోంది, ఒకదానికొకటి కనపడటం లేదు

మీరు అడిగింది ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో రెండంతస్తుల ఇల్లు. కింద ఫైబర్ బాక్సు, దానికి విండోస్ డెస్క్‌టాప్. పైన మీరు కొన్న రౌటర్, దానికి ఉబుంటు పీసీ, మ్యాక్‌బుక్. ఫైళ్లు పంచుకోవడం కుదరట్లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరవడం వల్లేనా అని.

కాదండి. ఏ సిస్టమ్ అన్నది రౌటర్‌కి పట్టదు. ముందు ఐపీలు (నెట్‌వర్కులో ఒక్కో పరికరానికి ఉండే అంకెల చిరునామాలు) చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. మిగతా రెండింట్లో వైఫై సెట్టింగ్స్‌లోనే కనపడుతుంది. కింద 192.168.1 తోనూ పైన 192.168.0 తోనూ మొదలైతే, మీ ఇంట్లో ఉన్నవి రెండు నెట్‌వర్కులు. పైనుంచి కిందికి ఐపీ కొట్టి వెళ్లొచ్చేమో గానీ, కిందనుంచి పైకి దారి ఉండదు. (169.254 తో మొదలైతే అసలు ఐపీయే అందలేదు, కేబుల్ చూడండి.)

పై రౌటర్ మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ (విడి నెట్‌వర్కు పెట్టకుండా కింది నెట్‌వర్కునే పైకి అందించే పద్ధతి) ఉంటే అది పెట్టేయండి, ఈ సమస్య తీరిపోతుంది. లేకపోతే చేత్తో మార్చాలి, వరుస మాత్రం తప్పకూడదు. మొదట పై రౌటర్ లాన్ ఐపీని (ఇంటి నెట్‌వర్కులో దాని సొంత చిరునామాని) 192.168.1.2 చేయండి. తర్వాత దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచే పని) ఆపండి. ఆఖర్న కిందనుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులోంచి (బయటి నెట్ వచ్చేది) తీసి లాన్ పోర్టులో (ఇంటి పరికరాలకి ఇచ్చేది) పెట్టండి. ఐపీ మార్చకుండా కేబుల్ పెడితే ఒక్కోసారి రెండు బాక్సులూ 192.168.1.1 అయి కూర్చుంటాయి, అప్పుడు ఇంట్లో ఎవరికీ నెట్ నిలవదు. కింది బాక్సు పంచే ఐపీలు 192.168.1.10 నుంచి మొదలయ్యేలా పెడితే పై రౌటర్ 192.168.1.2తో గొడవ రాదు.

ఇక షేరింగ్. విండోస్‌లో నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేయాలి, పబ్లిక్‌లో ఉంటే ఫైర్‌వాల్ రానివ్వదు. బయటి సిస్టమ్ నుంచి లాగిన్ అయ్యేటప్పుడు నాలుగంకెల పిన్ పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఉబుంటులో సాంబా (విండోస్ పద్ధతిలో ఫైళ్లు పంచే ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేసి, మీ యూజర్‌కి సాంబా పాస్‌వర్డ్ విడిగా పెట్టండి, లాగిన్ పాస్‌వర్డ్ దానికి తెలియదు. మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు. దాని ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ పేరు పక్కన టిక్ పెట్టాలి.

పేర్లతో వెతక్కుండా ఐపీతోనే కలపండి. కరెంటు పోయి వస్తే ఐపీలు మారొచ్చు కాబట్టి కింది బాక్సులో మూడింటికీ రిజర్వేషన్ (ఈ పరికరానికి ఎప్పుడూ ఇదే ఐపీ అని కేటాయించడం) చేసేయండి. బాక్సు పరికరాన్ని గుర్తుపట్టేది దాని వైఫై అడ్రస్‌తో కాబట్టి, మ్యాక్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ ‘రొటేటింగ్’లో (మారుతూ) ఉంటే ఆ రిజర్వేషన్ నిలవదు, ‘ఫిక్స్‌డ్’ చేయండి.

పైకి వేసిన కేబుల్‌లో నాలుగు వైర్లే క్రింప్ చేసి (కొనలోని ప్లగ్‌కి బిగించి) ఉంటే వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. ఎనిమిదీ వేయించండి.