అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో పోలీసు, ఫైర్ ఉద్యోగాల శిక్షణ కమ్యూనిటీ కాలేజీలో ఫ్రీగా దొరుకుతుందా?

చాలావరకు దొరుకుతుంది, కానీ అందరికీ కాదు. ఆ రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలు, అంటే రెండేళ్ల కోర్సులు, ఉద్యోగ శిక్షణ ఇచ్చే స్థానిక కాలేజీలు ఉన్నాయి. వాటికి ప్రధానంగా డబ్బిచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. పోలీసు కావాలంటే తప్పనిసరైన ప్రాథమిక శిక్షణను ఎక్కువగా వీటిలోనే ఇస్తారు.

అసలు కిటుకు స్పాన్సర్‌షిప్‌లో ఉంది. ఏదైనా పోలీసు శాఖో, షెరీఫ్ (కౌంటీ, అంటే జిల్లా లాంటి ప్రాంతపు పోలీసు అధిపతి) ఆఫీసో మిమ్మల్ని స్పాన్సర్ చేస్తే, అంటే మీ వెనక నిలబడితే, ట్యూషన్ మాఫీ. పుస్తకాలు, యూనిఫాం, చిన్నాచితకా ఫీజులు మాత్రం మామూలుగా మీ జేబులోంచే. స్పాన్సర్ చేశారు కదా అని ఉద్యోగం ఖాయమనుకోకండి. చివర్లో రాష్ట్ర పరీక్ష పాసవ్వాలి, ఆపైన ఎవరైనా ఉద్యోగంలోకి తీసుకోవాలి. పైగా అక్కడ పోలీసు అధికారికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇదే.

అగ్నిమాపక, అంబులెన్స్, రెస్క్యూ సిబ్బందికి వాళ్ల పనికి సంబంధించిన కోర్సుల్లో ఫీజు మాఫీ ఉంది. జీతం లేని వాలంటీర్లకూ వర్తిస్తుంది. నాకు బాగా నచ్చింది అదే, ఎందుకంటే పల్లె ప్రాంతాల్లో మంటలార్పేది ఎక్కువగా వాళ్లే. మీ కౌంటీలోని కాలేజీకి ఫోన్ చేసి, ‘పబ్లిక్ సేఫ్టీ’ విభాగాన్ని అడగండి.