టెక్ సందేహాలు: హార్మోనియంతో పాటు మామ్మ గొంతూ జరిగింది

ప్రశ్న: మా మామ్మ హార్మోనియం వాయిస్తూ తత్వాలు పాడుతుంది. నోటి దగ్గర ఒక మైకు, హార్మోనియం దగ్గర ఒకటి పెట్టి రికార్డు చేశాను. డోలక్ తర్వాత విడిగా వాయించాం. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్మోనియం పూర్తిగా ఎడమకు, డోలక్ పూర్తిగా కుడికి పాన్ చేశాను, అంటే ఆ పక్క నుంచే వినిపించేలా పెట్టాను. ఇయర్‌ఫోన్స్‌లో మామ్మ గొంతు ఎడమకు లాగినట్టుంది. బ్లూటూత్ స్పీకర్‌లో అదే గొంతు పలచబడుతోంది. ఎందుకు? — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీరు పంపిన ట్రాక్‌లు విన్నాను. హార్మోనియం ట్రాక్ ఒక్కటే వినిపించేలా సోలో చేస్తే తత్వం మాట మాటా అర్థమవుతోంది. అంటే ఆ మైకులో మామ్మగారి గొంతు సగం ఉంది. దాన్ని ఎడమకు నెడితే గొంతూ దాని వెంటే పోతుంది. పాడేదీ వాయించేదీ ఆవిడే, ఇద్దరు మనుషులు కారు. కాబట్టి గొంతు మధ్యలో, హార్మోనియం మహా అయితే 10 శాతం పక్కకు. అంతకు మించి వద్దు.

ఇక పలచబడటం. శబ్దం 34 సెంటీమీటర్లు వెళ్లడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. గొంతు రెండో మైకుకు అంత ఆలస్యంగా చేరి, రెండు ట్రాక్‌లూ ఒకే స్పీకర్‌లో కలిస్తే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఆపై 1500, 2500 దగ్గరా అంతే. చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు ఎడమ, కుడి కలిపేస్తాయి గనుక తేడా అక్కడ బయటపడింది. రెండు ట్రాక్‌లనూ బాగా జూమ్ చేసి, ‘క’ గానీ ‘ట’ గానీ గట్టిగా పలికిన చోటు వెతకండి. హార్మోనియం ట్రాక్‌లో ఆ అల కొంచెం వెనకబడి ఉంటుంది. రెండూ ఒకే గీత మీదికి వచ్చేదాకా ఆ ట్రాక్‌ను తెర మీద ఎడమకు, అంటే ఇంకాస్త ముందే మొదలయ్యేలా, జరపండి. మిక్స్‌ను మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకటిగా) పెట్టి వినండి, గొంతు నిండుగా తిరిగొస్తుంది.

డోలక్ విడిగా వాయించారు కనుక దాన్ని 25, 30 శాతం కుడికి పెట్టుకోవచ్చు. పూర్తిగా కుడికి మాత్రం వద్దు. పాతపట్నం బస్సులో ఇద్దరు ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొకటి పెట్టుకుంటే, ఎడమ చెవి వాళ్లకు మీ పాటలో తాళమే ఉండదు. మూడే శబ్దాలున్న పాటలో ఏ ఒక్కటి పోయినా పెద్ద లోటే.

పక్కలు ఖాళీగా ఉన్నాయని భయపడకండి. మీ వసారాలో ఆవిడ ఎదురుగా కూర్చుంటే ఎలా వినిపిస్తుందో అలాగే ఉండాలి. మూడో చరణం వెనక గుణుపూర్ రైలు కూత ఉంది, దాన్ని దయచేసి తీసెయ్యకండి.

ప్రశ్న: ఒక్క గిటార్, ఒక్క గొంతు. వెడల్పు కోసం, అంటే శబ్దం రెండు పక్కలా పరుచుకున్నట్టు వినిపించాలని, గిటార్ ట్రాక్‌ను కాపీ చేసి ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టాను. తేడా రాలేదు. — జయపురం

జవాబు: రాదు. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తే అది మధ్యలోనే వినిపిస్తుంది. కాపీని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేయమని చెప్పేవాళ్లుంటారు. మోనోలో పైన చెప్పిన చిక్కే వస్తుంది. అదే భాగాన్ని మళ్లీ వాయించి రికార్డు చేయండి. వేళ్లు రెండోసారి అచ్చం అలాగే పడవు, ఆ చిన్న తేడాలతోనే వెడల్పు వస్తుంది.