దడ తగ్గిందని మాత్ర తగ్గించారా?

ప్రశ్న: నా వయసు 61. మాది తిరుపతి. రెండేళ్ల క్రితం గుండె లయ తప్పే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందన్నారు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఆరు నెలలుగా యోగా చేస్తున్నాను, దడ బాగా తగ్గింది. అందుకని రక్తం పల్చబరిచే అపిక్సబాన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. కపాలభాతి, శీర్షాసనం చేయవచ్చా?

జవాబు: శీర్షాసనం సంగతి తర్వాత. రోజు విడిచి రోజు వేసుకోమని మీకు ఎవరు చెప్పారు? మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ ఒక్క వాక్యమే.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోక అదురుతుంటాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ ముప్పు మామూలువారికంటే దాదాపు 5 రెట్లు. బీపీ, షుగర్ తోడైతే ఇంకా ఎక్కువ. దడ లేనంత మాత్రాన లయ కుదిరినట్టు కాదు. లయ తప్పిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. అపిక్సబాన్ సాధారణంగా రోజుకు 2 సార్లు వేసుకునే మాత్ర. దాని ప్రభావం ఒక్క రోజులోనే బాగా తగ్గిపోతుంది. మానిన రోజున మీకు రక్షణ లేనట్టే. కొందరు బదులుగా ఆస్పిరిన్ కొనుక్కుంటారు, ఇంకొందరు మద్దిచెక్క కషాయం తాగుతారు. ఏదీ దీనికి సాటి రాదు. ఇవాళే మీ డాక్టరుతో మాట్లాడి, చీటీలో రాసిన మోతాదుకు తిరిగి రండి. మానినవాటికి కలిపి రెండేసి మింగకండి.

ఇక యోగా. మానక్కర్లేదు. 2013లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, వారానికి 2 సార్లు చొప్పున 3 నెలలు చేసినవారికి లయ తప్పడం తగ్గింది. అయితే అది మందుకు తోడే, బదులు కాదు. శీర్షాసనం మాత్రం వద్దు. రక్తం పల్చబరిచే మాత్ర వాడేవారు పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకున్నా లోపల రక్తస్రావం కావచ్చు. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం ప్రస్తుతానికి ఆపండి. ఈసీజీ, ఎకో చూడకుండా అంతకుమించి చెప్పలేను. నెమ్మదిగా శ్వాస తీసి వదలడం, శవాసనం, గోడ ఆసరాతో తాడాసనం సాధారణంగా ఫరవాలేదు. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా వెంటనే ఆపాలి.

మీరు అడగలేదు గానీ, యోగా చేస్తున్నాను కదా అని అలిపిరి 3,550 మెట్లు ఒక్క ఊపులో ఎక్కేయకండి. అది కూడా డాక్టరును అడిగాకే. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోను చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.